ఊళ్లో శాసనం కనిపిస్తే ఏం చేయాలి: రాతి దగ్గర నుంచి తేదీ తేల్చేదాకా

పాడుబడ్డ గుడి ముందో, చెరువు తూము పక్కనో, పొలం గట్టునో అక్షరాలున్న రాయి కనిపిస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసి గ్రూపులో పెడతారు. "కాకతీయుల కాలంది" అని ఒకరు, "చోళులది" అని ఇంకొకరు అంటారు. నాలుగు రోజులకు దాని సంగతి అందరూ మరిచిపోతారు. అలా కాకుండా చరిత్రకు పనికొచ్చేలా ఆ రాతిని నమోదు చేయడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతున్నాం. కాలేజీ విద్యార్థులకైనా, బడి పంతుళ్లకైనా, ఊరి చరిత్ర రాయాలనుకునే ఎవరికైనా ఈ వరస సరిపోతుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒక్క నియమం వదలకండి. రాతి మీద కనిపించింది వేరు, మీరు ఊహించింది వేరు. నోటుబుక్కులో ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. ఎడమ పేజీలో చూసినది, కుడి పేజీలో అనుకున్నది రాయడం అలవాటు చేసుకుంటే సగం తప్పులు పుట్టనే పుట్టవు.

## 1. ముందు వెతకండి: ఇది ఇప్పటికే అచ్చయిందేమో

కొత్త శాసనం దొరికిందని ప్రకటించేవాటిలో కొన్ని ఎప్పుడో అచ్చయినవే ఉంటాయి. ప్రభుత్వ శాసన విభాగం 1887 నుంచి ఏటేటా నివేదికలు వేస్తూ వచ్చింది. వాటిలో ఊరి పేరు, శాసనం ఉన్న చోటు, రాజు, తేదీ, సారాంశం మూడు నాలుగు పంక్తుల్లో ఉంటాయి. పూర్తి పాఠాలు కావాలంటే సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాలు చూడాలి. తెలుగువారికి ముఖ్యమైనవి 4, 5, 6, 10, 16. పదోది పూర్తిగా తెలుగు శాసనాలదే. పదహారోది విజయనగర రాజుల తెలుగు శాసనాలది. వీటికి తోడు శాసన పాఠాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా పత్రిక, 1905లో మూడు భాగాలుగా వచ్చిన నెల్లూరు జిల్లా శాసనాలు, తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ జిల్లాలవారీగా వేసిన సంపుటాలు ఉన్నాయి. చాలావాటి స్కాన్ ప్రతులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

తెలంగాణ ఊళ్ల కోసం పైన చెప్పిన ఏటేటి నివేదికలు (అవి మద్రాసు వైపువి) తిరగేస్తూ కూర్చోకండి. ఆ ప్రాంతం అప్పట్లో నిజాం పాలనలో ఉండేది. అక్కడి శాసనాలు హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలోనూ, ఆ తర్వాతి జిల్లా సంపుటాల్లోనూ ఉంటాయి.

వెతికేటప్పుడు అందరూ చేసే తప్పు, నేటి జిల్లా పేరుతో వెతకడం. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. పాత సంపుటాలు పాత జిల్లా, పాత తాలూకా పేర్లతోనే ఉన్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగులూ నేటివి కావు. కడపను, రాజమండ్రిని, బెజవాడను అప్పటి దొరలు ఎలా రాసుకున్నారో చూసి ఆ రూపంతోనూ వెతకండి.

వెతకడానికి ముందు రాసుకోవాల్సినవి:

- ఊరి నేటి పేరు, పాత పేర్లు, పక్క ఊళ్ల పేర్లు
- 1956కు ముందు ఆ ఊరు ఏ జిల్లా, ఏ తాలూకా
- గుడి దేవుడి పేరు, ఊళ్లో పిలిచే పేరు (రెండూ ఒకటి కాకపోవచ్చు)
- రాయి గుడిలో ఎక్కడ ఉంది: ధ్వజస్తంభం దగ్గరా, మండపం స్తంభం మీదా, గర్భగుడి గోడ మీదా

ఇప్పటికే అచ్చయిందని తేలితే నిరాశ పడనక్కర్లేదు. పాత పాఠాన్ని రాతితో సరిచూడటం, నూరేళ్లలో రాయి ఎంత చెడిందో నమోదు చేయడం కూడా పరిశోధనే.

## 2. అనుమతి తీసుకోండి, ఊరివాళ్లకు చెప్పండి

కేంద్ర రక్షిత కట్టడమైతే భారత పురావస్తు సర్వే అనుమతి కావాలి. రాష్ట్ర రక్షిత కట్టడమైతే రాష్ట్ర శాఖను అడగాలి. దేవాదాయ శాఖ గుడైతే కార్యనిర్వహణాధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. ఇవేవీ కాని రాయైతే సర్పంచికీ, పూజారికీ, పొలం యజమానికీ చెప్పి వాళ్ల సమక్షంలోనే పని చేయండి. ఫొటోలకు అనుమతి ఉన్నంత మాత్రాన మసి అచ్చు (రాతికి తడి కాగితం అద్ది, మసితో అక్షరాల ప్రతి) తీయడానికి అనుమతి ఉన్నట్టు కాదు. దానికి విడిగా అడగాలి.

ఊళ్లలో శాసనమంటే గుప్తనిధి గుర్తు అన్న నమ్మకం బలంగా ఉంది. ఆ ఆశతో పగలగొట్టిన రాళ్లు, తవ్విపోసిన గుళ్లు ఎన్నో. అందుకే మొదటి రోజే పది మందిని కూర్చోబెట్టి, అందులో ఏముందో చదివి వినిపించండి: ఫలానావారు దేవుడి దీపానికి ఇంత భూమి ఇచ్చారు, అంతే. ఊరికి దూరంగా ఉన్న రాయి కచ్చితమైన స్థానాన్ని సోషల్ మీడియాలో పెట్టకండి. అది మీ నోట్సులోనూ, శాఖకు ఇచ్చే నివేదికలోనూ ఉంటే చాలు.

మట్టిలోంచి శాసనం చెక్కిన రాగి రేకులు బయటపడితే వ్యవహారం మారుతుంది. 1878 నాటి నిధుల చట్టం కింద జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. వాటిని చింతపండుతో తోమించకండి, రేకులను కలిపి ఉంచే ఉంగరాన్ని కోయనివ్వకండి. ఆ ఉంగరానికుండే రాజముద్ర కూడా ఆధారమే.

## 3. సంచిలో ఉండాల్సినవి

- 5 మీటర్ల టేపు, 30 సెంటీమీటర్ల స్కేలు, దిక్సూచి
- మెత్తని కుంచె, కొబ్బరిపీచు కుంచె, స్ప్రే సీసా, మంచినీళ్లు, స్పాంజి
- బలమైన టార్చి రెండు, నల్లటి దుప్పటి
- మసి అచ్చుకు: జిగురు పట్టించని, చేతితో చేసిన మందపాటి కాగితం, గట్టి వెంట్రుకల చెక్క బ్రష్షు, దీపపు మసి, తుమ్మజిగురు, వెడల్పు పళ్లెం, దూది నింపి గుడ్డతో బిగించిన ఉండలు రెండు
- గీతల నోటుబుక్కు, పెన్సిళ్లు (పెన్ను వద్దు, తడిస్తే అంతా పోతుంది)

సుద్దముక్క, పసుపు, బియ్యప్పిండి, నూనె, ఇనుప బ్రష్షు, యాసిడ్, చాకు ఏవీ సంచిలోకే రాకూడదు. సుద్దతో అక్షరాలు దిద్దినవాళ్లు తాము చదివిన తప్పును రాతి మీద రాసిపెడతారు. తర్వాత వచ్చినవాడికి కనబడేది ఆ సుద్ద అక్షరమే. నూనె రాస్తే దుమ్ము పట్టి గట్టిపడి, రెండేళ్లలో గాడి పూడిపోతుంది.

## 4. ముట్టుకునే ముందు చూడండి

రాయి ఎలా ఉందో అలాగే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పొడవు, వెడల్పు, మందం, భూమిలోకి ఎంత దిగి ఉంది, ఏ దిక్కుకు చూస్తోంది, ఎన్ని ముఖాల మీద రాత ఉంది, ఒక్కో ముఖం మీద ఎన్ని పంక్తులు, సగటు అక్షరం ఎత్తు ఎంత, ఇవన్నీ రాసుకోండి. స్తంభ శాసనం ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి సాగుతుంది. మూడో ముఖం గోడలోకి పోయి ఉంటే ఆ సంగతి ముందే తెలియాలి.

పైభాగంలో బొమ్మలుంటే వదలకండి. సూర్యచంద్రులు దానం "ఆచంద్రార్కం" ఉండాలన్న కోరికకు గుర్తు. లింగం, నంది, వరాహం, ఆవు దూడ లాంటివి దానం ఎవరికి, ఎవరి పాలనలో అన్నదానికి సూచన ఇస్తాయి. సూచన మాత్రమే సుమా, రుజువు కాదు.

శుభ్రం చేయడమంటే నీళ్లు చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, కొబ్బరిపీచు కుంచెతో మెల్లగా తుడవడం. అంతకు మించి వద్దు. నాచు పోకపోతే అలాగే వదిలేయండి. సున్నం, ఎనామిల్ రంగు పూసి ఉంటే మీరు గీకకండి, శాఖ వాళ్ల రసాయన నిపుణులకు చెప్పండి. రాయి పొరలు పొరలుగా ఊడుతుంటే ఫొటోలతోనే ఆగిపోండి.

## 5. ఫొటోలు: వెలుతురు పక్కనుంచి రావాలి

మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో అక్షరం చదునుగా పడుతుంది. గాడిలో నీడ పడితేనే అక్షరం లేస్తుంది. ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ రాతిని ఒరుసుకుంటూ పడే సమయం చూసుకోండి. గుడి లోపలైతే దుప్పటి కప్పి, టార్చిని రాతి తలానికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టుకోండి. ఎడమ, కుడి, పైన, కింద, ఇలా నాలుగు దిక్కుల నుంచి వెలుతురు మార్చి నాలుగు ఫొటోలు తీయాలి. నిలువు గీతలు పక్క వెలుతురులో కనిపిస్తాయి, అడ్డగీతలు పై వెలుతురులో. ఒక్క ఫొటోతో చదివినవాళ్లు తలకట్టును, దీర్ఘాన్ని పోగొట్టుకునేది ఇక్కడే.

కెమెరా రాతికి ఎదురుగా, సమాంతరంగా ఉండాలి. స్కేలు ప్రతి ఫొటోలో ఉండాలి. మొత్తం రాయిని ఒకసారి తీశాక మూడేసి పంక్తుల చొప్పున దగ్గరగా తీయండి. ఒక్కో ఫొటోలో ముందు ఫొటో చివరి పంక్తి మళ్లీ రావాలి.

త్రీడీ నమూనా చేయగలిగితే ఇంకా మంచిది. పక్కపక్క ఫొటోలు 60 నుంచి 80 శాతం ఒకదానిమీదొకటి పడేలా యాభై అరవై తీసి, మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, రంగు తీసేసి రాతి ఎత్తుపల్లాలను మాత్రమే చూడొచ్చు. అరిగిపోయిన శాసనాలకు మసి అచ్చు కంటే ఇదే మేలు, రాయిని ముట్టుకోనక్కర్లేదు.

## 6. మసి అచ్చు తీయడం

ఎస్టాంపేజీ అని పిలిచే ఈ పని చూస్తే నేర్చుకోవడం తేలిక, చేస్తే చెడగొట్టడం తేలిక. మొదటిసారి పాత శాసనం మీద ప్రయత్నించకండి. కొత్తగా చెక్కిన పేరుబండ మీద నాలుగైదు సార్లు చేసి చేయి తిరిగాకే అనుమతి అడగండి.

క్రమం ఇది:

1. తుమ్మజిగురును ముందు రాత్రే నీళ్లలో నానబెట్టి, పొద్దున వడకట్టి, మసిని కొద్దికొద్దిగా కలుపుతూ నూరండి. కాగితం ముక్క మీద అద్ది చూడండి. మసి చుట్టూ తడి వలయం పాకితే పలుచన అయినట్టు, ఇంకాస్త మసి వేయాలి.
2. రాయిని తడిపి, పైన నిలిచిన నీటిని స్పాంజితో తీసేయండి.
3. కాగితాన్ని రాత కంటే అన్ని వైపులా నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించి, నీళ్లలో ముంచి, పై అంచు నుంచి కిందికి పరవండి. రాయి పెద్దదైతే రెండు మూడు కాగితాలు, అంచులు మూడు సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి పడేలా.
4. తడి బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు తోస్తూ గాలి బుడగలు తీసేయండి.
5. బ్రష్షును నిటారుగా పట్టుకుని, సమంగా కొడుతూ కాగితాన్ని గాడుల్లోకి దించండి. రుద్దకూడదు, కొట్టాలి. చిరిగినచోట వెంటనే అదే కాగితం ముక్కను తడిపి అతికించండి.
6. తడి మెరుపు పోయేదాకా ఆగండి. ఎండలో ఐదారు నిమిషాలు, నీడలో అరగంట పట్టొచ్చు. కాగితం పూర్తిగా ఎండి అంచులు లేవకముందే మసి వేయాలి.
7. గుడ్డ ఉండకు మసి అద్ది, రెండో ఉండతో దాన్ని సమం చేసి, తేలికగా తట్టండి. మొదటి చుట్టు బూడిదరంగు వస్తే చాలు. మూడు నాలుగు చుట్లలో నలుపు తెండి.
8. నేల నల్లగా, అక్షరం తెల్లగా తేలాక పై మూల నుంచి మెల్లగా ఒలిచి, నీడలో ఆరబెట్టండి.
9. వెనకవైపు పెన్సిలుతో ఊరు, చోటు, ముఖం, తేదీ, ఏది పైన, ఏది కింద రాయండి.

పని చెడేది ఎక్కువగా ఆరో అంకెలోనే. తొందరపడి తడి మీదే మసి వేస్తే అది కాగితం లోంచి దిగి రాతికి అంటుతుంది. ఆ మచ్చ పోదు. ఆలస్యమైతే కాగితం గాడిలోంచి పైకి లేచి, అక్షరాల అంచులు మసకబారతాయి. మసి వేసే ముందు కాగితం మూల మీద వేలితో నొక్కి చూడండి. వేలికి చల్లగా తగలాలి, తడి మాత్రం అంటకూడదు.

అక్షరాల్లోకి మసి దిగిందంటే గుడ్డ ఉండ మరీ మెత్తగా ఉంది, దూది ఇంకా బిగించి కట్టాలి. మచ్చలు మచ్చలుగా వచ్చిందంటే ఉండ మీద మసి సమంగా లేదు. రాతి గుంటలు అక్షరాల్లా కనిపిస్తే ఆ చోటుకు గుర్తు పెట్టుకుని టార్చి వెలుతురులో మళ్లీ చూడండి.

## 7. చదవడం

మొదటి చదువు రాతి ముందే జరగాలి. ఇంటికెళ్లి ఫొటో చూసి చదివింది రెండో చదువు అవుతుంది.

పంక్తికి ఒక నంబరు వేసి, రాతి మీద పంక్తి ఎక్కడ తెగితే మీ కాగితం మీదా అక్కడే తెంచండి. మాట సగంలో తెగినా సరే. స్పష్టంగా కనిపించిన అక్షరాన్ని మామూలుగా రాయండి. సందేహంగా ఉన్నదాన్ని చదరపు కుండలీకరణంలో పెట్టండి. పూర్తిగా పోయినచోట ఎన్ని అక్షరాలకు చోటుందో అన్ని చుక్కలు పెట్టండి. చెక్కినవాడు వదిలేసిందని మీరు చేర్చినదాన్ని కుండలీకరణంలోనే నక్షత్రం గుర్తుతో చూపండి. నేటి వర్ణక్రమంలోకి మార్చకండి. "ధర్మ్మ" అని ఉంటే "ధర్మ్మ" అనే రాయాలి.

తెలుగు చదవడం వచ్చినవాళ్లను కూడా మొదట్లో తికమక పెట్టేవి ఇవి:

- రేఫ తర్వాతి హల్లు రెట్టించడం: ధర్మ్మ, పూర్వ్వ, సర్వ్వ.
- వలపలగిలక: రేఫను హల్లు తర్వాత తొమ్మిది అంకె లాంటి గుర్తుతో రాయడం. "ధమ౯" అంటే "ధర్మ".
- ఒత్తు బదులు సున్న: "అంన" అంటే "అన్న".
- ఎ–ఏ, ఒ–ఓ లకు తేడా చూపకపోవడం. మాట అర్థాన్ని బట్టి మీరే తేల్చాలి, పాఠంలో మాత్రం మార్చకూడదు.
- ఱ, ఴ అక్షరాలు. ఴ తర్వాతి కాలంలో డ గానో ళ గానో మారింది. చోఴ, చోడ, చోళ అన్నీ ఒకటే. రెండు అక్షరాలూ యూనికోడ్‌లో ఉన్నాయి, వాటినే టైపు చేయండి.
- పోలికలు: ప–వ, చ–వ, ద–డ, ద–ధ. రాయి అరిగితే వీటిని విడదీసేది ఒక చిన్న గీతే.

పదమూడో శతాబ్దికి ముందు తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే. అందుకని తెలంగాణలోనో, రాయలసీమలోనో దొరికిన పాత శాసనం లిపి చూసి భాష తేల్చకండి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి జినవల్లభుడి శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. విభక్తులు, క్రియలు చూసి భాష చెప్పాలి. "ఇచ్చె", "నాండు", "వునేంటి" లాంటివి కనబడితే తెలుగు.

తెలిసిన మాటతో ఖాళీని పూరించాలన్న తొందరకు లొంగకండి. "గణ" అని రెండు అక్షరాలు కనిపించగానే "గణపతిదేవ" అని రాసేసే చదువు ఎంతోమందిని తప్పుదారి పట్టించింది. మీ పాఠం పూర్తయ్యాక దాన్ని చూపకుండా, ఫొటోలు మాత్రమే ఇచ్చి ఇంకొకరితో చదివించండి. ఇద్దరికీ తేడా వచ్చిన ప్రతి అక్షరం కోసం మళ్లీ రాతి దగ్గరికి వెళ్లాలి.

## 8. తేదీ తేల్చడం

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడ. శాసనంలో తేదీ సాధారణంగా ఐదారు ముక్కలుగా ఉంటుంది: శక సంవత్సరం, సంవత్సరం పేరు, నెల, పక్షం, తిథి, వారం. ఒక్కోసారి గ్రహణమో, సంక్రాంతో. ఈ ముక్కలు ఒకదాన్నొకటి సరిచూస్తాయి. ఒక్క ముక్కతో తేదీ చెప్పేసి ఊరుకోకండి.

మొదటి లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి మాఘ, ఫాల్గుణాలకు 79 కలపాలి. పుష్యం డిసెంబరు, జనవరి రెండిట్లోనూ పడుతుంది, తిథి చూసి తేల్చుకోవాలి.

రెండో లెక్క. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. శేషం, ప్రభవ నుంచి మొదలుపెట్టి లెక్కపెడితే వచ్చే సంవత్సరం సంఖ్య. శేషం సున్న వస్తే అక్షయ.

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తీసుకుందాం. శకం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ 13, వడ్డవారం. 1084కు 12 కలిపితే 1096. 60తో భాగిస్తే శేషం 16. పదహారోది చిత్రభానే. సరిపోయింది. మాఘం కాబట్టి 79 కలిపితే 1163. పంచాంగం లెక్కలో ఆ తిథి 1163 జనవరి 19న పడుతుంది. ఆ రోజు శనివారం, వడ్డవారమంటే శనివారమే. 78 కలిపి 1162 అని రాసి ఊరుకుంటే కాకతీయ రుద్రదేవుడి కట్టడం ఏడాది వెనక్కి పోయేది.

రాణి రుద్రమదేవి మరణానికి ఆధారమైన చందుపట్ల శాసనం శకం 1211, విరోధి, మార్గశిర శుద్ధ 12. 1223ను 60తో భాగిస్తే శేషం 23, అది విరోధి. తేదీ 1289 నవంబరు 27.

శేషానికీ పేరుకూ కుదరకపోతే?

- శాసనంలోని పేరు మీ శేషం కంటే ఒకటి వెనక ఉంటే, ఆ శక సంఖ్య జరుగుతున్న ఏడాదిది, గడిచిన ఏడాదిది కాదు. 78 బదులు 77 కలపాలి.
- తేడా పెద్దదైతే ముందు మీ చదువును అనుమానించండి. అంకెల్లో ౦–౧, ౨–౩, ౬–౭ తారుమారవుతాయి.
- పేర్లలో క్రోధి (38), క్రోధన (59). విరోధి (23), విరోధికృత్ (45). శుభకృత్ (36), శోభకృత్ (37). హేవిళంబి (31), విళంబి (32) కలగలిసిపోతాయి. చివరి అక్షరం అరిగితే ఇంకా కష్టం.
- ఇవేవీ కాకపోతే చెక్కినవాడి పొరపాటు కావొచ్చు. అలాగని రాయండి, సర్దేయకండి.

అంకె అరిగిపోతే. శకం "11–6, క్రోధి" అని మాత్రమే కనిపించిందనుకుందాం. మధ్య అంకె సున్న అయినా (1106), ఆరు అయినా (1166) శేషం 38 వస్తుంది, రెండూ క్రోధే. అరవై ఏళ్ల చక్రం కనుక ఇలా రెండు జవాబులు మిగులుతాయి. అప్పుడు రాజు పేరు చూడాలి. గణపతిదేవుడి పేరుంటే 1106 కుదరదు, ఆయన 1199లో గద్దెనెక్కాడు. ఆయన వేయించిన మోటుపల్లి అభయ శాసనం శకం 1166 క్రోధి నాటిదే.

మాటల్లో రాసిన అంకెలు. సంస్కృత శ్లోకాల్లో సంవత్సరాన్ని వస్తువుల పేర్లతో చెబుతారు. ఆకాశం 0, చంద్రుడు 1, కన్ను 2, అగ్ని 3, వేదం, సముద్రం 4, బాణం 5, ఋతువు, రసం 6, కొండ, ముని 7, ఏనుగు, వసువు 8, నిధి, గ్రహం 9. కుడి నుంచి ఎడమకు చదవాలి. రాజరాజనరేంద్రుడి కోరుమెల్లి శాసనంలో "వేదాంబురాశినిధి" అంటే 4, 4, 9. తిరగేస్తే శకం 944, అంటే 1022. ఎడమ నుంచి చదివితే 449, అర్థం లేని ఏడాది వస్తుంది.

శక సంవత్సరం లేకపోతే. "విజయరాజ్య సంవత్సరం" అంటే రాజు గద్దెనెక్కిన నాటి నుంచి లెక్క. ఆ రాజు ఏ ఏట గద్దెనెక్కాడన్నది తేలితే తప్ప దాన్ని క్రీస్తు శకంలోకి మార్చకండి. తెలంగాణలో చాళుక్య విక్రమ వర్షాలు కనిపిస్తాయి. అవి 1076లో, నల సంవత్సరంతో మొదలయ్యాయి. సంఖ్యకు 1075 కలపండి.

వారం సరిచూడటం. స్వామికన్ను పిళ్లై ఇండియన్ ఎఫిమెరిస్ క్రీ.శ. 700 నుంచి 1799 దాకా రోజురోజుకూ తిథి, వారం ఇస్తుంది. మిచియో యానో తయారుచేసిన పంచాంగ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో వాడుకోవచ్చు. వారం ఒక రోజు అటూఇటూ అయితే తిథి ఏ వేళకు ముగిసిందో చూడండి. మూడు నాలుగు రోజులు తేడా వస్తే పక్షాన్నో, నెలనో తప్పు చదివారు. "శు", "బ" అన్న ఒక్క అక్షరం అరిగితే పదిహేను రోజులు పోతాయి. ఆ ఏడు అధికమాసం ఉందేమో కూడా చూడాలి. గ్రహణం పేరెత్తితే నాసా గ్రహణాల పట్టికతో పోల్చండి.

తేదీ ఏమీ లేని రాతికి లిపిని బట్టి కాలం చెప్పేటప్పుడు "పన్నెండో శతాబ్ది లిపి" అని ఆగండి. లిపి వందేళ్ల అటూఇటూ మాత్రమే చెప్పగలదు.

## 9. లోపలి విషయం

దాన శాసనం ఒక వరసలో నడుస్తుంది: స్వస్తి, రాజు బిరుదులు, తేదీ, దాత, దేవుడు, ఇచ్చింది, ఎల్లలు, శాపం, రాసినవాడు. ఈ వరస తెలిస్తే పగిలిన శాసనంలో మిగిలింది ఏ భాగమో పోల్చుకోవచ్చు. "స్వదత్తాం పరదత్తాం వా" అన్న శాప శ్లోకం కనిపిస్తే చివరికొచ్చారన్నమాట.

కొలతలు పొడి అక్షరాల్లో ఉంటాయి: ఖ అంటే ఖండుగ, పు అంటే పుట్టి, తూ అంటే తూము. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అన్న లెక్క ధాన్యానికి సరే. భూమి కొలతలైన మర్తురునో, ఖండుగనో ఎకరాల్లోకి మార్చకండి. కొలిచే గడ పొడవు ఊరూరికీ మారేది, ఒక్కోసారి ఆ పొడవు గుడి గోడ మీదే గీసి ఉంటుంది. దొరికితే కొలిచి రాసుకోండి, అది శాసనమంత విలువైనది.

ఎల్లలు చదివి, గ్రామ నక్షా పట్టుకుని నడవండి. చెరువులు, వాగులు, గుట్టల పేర్లు ఊరి పేర్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. పశువుల కాపరులను, నీరటికాళ్లను అడగండి. పహాణీలో, అడంగల్‌లో లేని పొలం పేర్లు వాళ్ల నోట వస్తాయి.

రెండు జాగ్రత్తలు. రాజు పేరు ఉన్నంత మాత్రాన ఆ ఊరు ఆయన సూటి పాలనలో ఉందని కాదు, స్థానిక సామంతుడు పై రాజు పేరు చెప్పడం మర్యాద. ఇక తేదీ దానానిది, చెక్కినది తర్వాత కావొచ్చు. పాత రాజు పేరుతో కొత్త లిపి కనిపిస్తే అది తిరగరాసిన ప్రతో, కూట (దొంగ) శాసనమో అయి ఉంటుంది.

## 10. రాసి పంపేటప్పుడు

- ఊరు, మండలం, జిల్లా, రాయి ఉన్న చోటు
- కొలతలు, పంక్తులు, రాతి స్థితి, భాష, లిపి
- ఇంతకుముందు అచ్చయిందా, ఎక్కడ
- తేదీ: రాతి మీద ఉన్నట్టు, మీ లెక్క, లెక్క చేసిన దారి
- పంక్తులవారీ పాఠం, తెలుగు తాత్పర్యం, ఊర్ల పేర్ల గుర్తింపు
- స్కేలు ఉన్న ఫొటో, మసి అచ్చు ఫొటో
- మీకు తేలని అక్షరాల జాబితా

చివరి అంశాన్ని చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు. తర్వాత చదివేవాడు మొదట చూసేది దాన్నే.

ఒక ప్రతి రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి మైసూరులోని భారత పురావస్తు సర్వే శాసన విభాగానికి పంపండి. అరబిక్, పర్షియన్ రాత అయితే నాగపూర్ విభాగానికి పంపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హిస్టరీ కాంగ్రెస్‌ల వార్షిక సభల్లో చదవొచ్చు. పత్రికలవాళ్లకు చెప్పేది ఆ తర్వాతే.

పాఠాన్నీ తాత్పర్యాన్నీ పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, ఒక ప్రతి గుడిలో, ఒకటి బడిలో, ఒకటి పంచాయతీ ఆఫీసులో ఇవ్వండి. రాయి ఎక్కడుంటే అక్కడే ఉండనివ్వండి. రోడ్డు పనికో, గుడి కొత్తగా కట్టడానికో దాన్ని కదపాల్సి వస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాగితం కిందే రాయండి.